చేతికొచ్చిన క్లచ్

ఆదివారం పొద్దున మేమంతా కలుసుకునే చోటు మూతపడిన ఒక ఫర్నిచర్ గోడౌను వెనకాల ఉంది. నేల మీద సిమెంటు పగుళ్లిచ్చి, పగుళ్లలో గడ్డి మొలిచి ఉంటుంది. ఒక మూల సామాను ఎక్కించే ర్యాంపు, ఇంకో మూల టీ బండి. మిగతా స్థలమంతా మాదే. మాదంటే, ఒకే రకం కారున్న వాళ్లది. రెండే తలుపులు, ముందు పొడుగాటి ముక్కు, వెనక సీటు పేరుకు మాత్రమే. అందులో కూర్చోవాలంటే మనిషి మడతమంచంలా ముడుచుకోవాలి. కంపెనీ ఆ మోడల్ తయారు చేయడం ఎప్పుడో మానేసింది కాబట్టి మాకు దిక్కు మేమే. ఒకరింట్లో పాత రేడియేటరు దాచి ఉంటుంది, ఇంకొకరి అటక మీద తలుపు అద్దం ఉంటుంది. ఏ ఇంజినాయిలు పోయాలి, ఏ బ్రేకు ప్యాడ్లు కీచుమంటాయి, స్ప్రింగులు కోసి కారును కిందికి దించితే మలుపుల్లో పట్టు పెరుగుతుందా లేక మన నడుం విరుగుతుందా, ఇవీ మా కబుర్లు. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేప్పుడు కూడా అన్ని పట్టింపులుండవు.

ఆ గుంపులో ఒకే ఒక ఆడమనిషి మా అనౌన్సరమ్మ.

ఆవిడ పని బస్టాండులో. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం. ఊళ్లో ఆవిడ మొహం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. నెమ్మదిగా, స్పష్టంగా, ఎక్కడా తొందర లేకుండా ఉంటుంది ఆ గొంతు. అదే గొంతుతో తిట్టినా సరే, తిట్టు అర్థమవడానికి మనకు కాస్త టైము పడుతుంది.

"ఊళ్ల పేర్లన్నీ నా నోట్లోంచే బయల్దేరాయి మాస్టారూ. నేను మాత్రం ఆ గదిలోంచి కదల్లేదు. అందుకే కొన్నాను," అని ఒకసారి నాతో చెప్పింది. నేను స్కూల్లో డ్రాయింగు చెప్తాను కాబట్టి అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు. ఆవిడ ఆ కారు కొన్నది మా గుంపులోనే, లేత్ షాపు నడిపే అతని దగ్గర. అతన్ని మేమంతా 'లేత్' అనే అంటాం. అతనికి అప్పట్లో ఇలాంటివి రెండుండేవి. ముదురు నీలం రంగుది ఆవిడ తీసుకుంది. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, మాలో సగం మంది కంటే శుభ్రంగా గేర్లు మార్చేది.

మార్పుల సంగతి దగ్గరే ఆవిడకూ మా ప్రెసిడెంటుకూ ఎప్పుడూ పేచీ. ప్రెసిడెంటంటే ఎవరూ ఎన్నుకోలేదు, తనంతట తనే అయ్యాడు. టైర్ల షాపు ఓనరు. తన ఎర్ర కారును ఎంత కిందికి దించాడంటే, దాని కింద నుంచి పోవాలంటే చీమ కూడా తల వంచాలి. సైలెన్సరు తీసేసి పెట్టిన గొట్టం వీధి మొదట్లో దగ్గితే వీధి చివర పిల్లలు నిద్ర లేస్తారు.

"మేడమ్, మీ కారుకు కనీసం ఎయిర్ ఫిల్టరన్నా మార్పించండి. ఇంజిను ఊపిరాడక చస్తోంది," అనేవాడు.

"కంపెనీ ఇంజినీర్లు గడ్డి తిని డిజైన్ చేశారా? వాళ్లిచ్చింది ఇచ్చినట్టు చూసుకుంటే చాలు. మీ కారు అరుస్తుంది, నాది పరిగెడుతుంది," అనేది ఆవిడ.

అన్నట్టే చూసుకునేది. ఆయిలు రంగు మారకముందే మార్చేది. తలుపు రబ్బర్లకు తనే స్పాంజితో గ్లిజరిన్ రాసేది. ఒక నట్టు తుప్పు పడితే అలాంటి నట్టే దొరికేదాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మాట మేం వెనకాలే అనేవాళ్లం, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ మొండితనమే ఒకసారి ఆవిడను దెబ్బ కొట్టింది. ఒంట్లో షుగరుంది. కొత్త బూట్లు కరిచి ఎడమ మడమ మీద పుండు పడింది. భర్త చూపించుకోమన్నాడు, అత్తగారు చూపించుకోమంది, బస్టాండులో కండక్టర్లు కూడా చెప్పారు. "బూటు కరిస్తే డాక్టరెందుకు, కుక్క కరిచిందా?" అని ఆవిడ డ్యూటీకి పోయింది. జ్వరం వచ్చి మైకు ముందే తల వాల్చేసిన రోజున ఆస్పత్రికి తీసుకెళ్లారు. అప్పటికే పాదం నల్లబడింది. ప్రాణం దక్కాలంటే మోకాలి కింద నుంచి తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. తీసేశారు.

మేం చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. ప్రెసిడెంటు పళ్ల బుట్ట చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. ఆవిడే మొదలుపెట్టింది.

"నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మీరంతా అనుకునేవాళ్లు కదూ? నాకు తెలుసులెండి. ఇప్పుడు కుందేలు బాగానే ఉంది, పట్టినదానికే ఓ కాలు తగ్గింది."

నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. ఆవిడ మాత్రం నవ్వింది. నవ్వుతూనే మొహం గోడ వైపు తిప్పుకుంది. ప్రెసిడెంటు పళ్ల బుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడ ఇటు తిరిగి, "కారు ఎవరైనా స్టార్ట్ చేస్తున్నారా? వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది," అంది.

కొన్ని నెలలకు పెట్టుడు కాలు వచ్చింది. చేతికర్రతో నడక నేర్చుకుంది. డ్యూటీలో చేరింది. కూర్చునే ఉద్యోగమే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా కారు దగ్గరే. గేర్లు లేని కారైతే ఎడమ కాలితో పనే ఉండేది కాదు కానీ, ఇది గేర్ల కారు, పోయింది క్లచ్ తొక్కే కాలు. ఒక మధ్యాహ్నం భర్త షాపులో ఉన్నప్పుడు ఆవిడ పెట్టుడు కాలితోనే ప్రయత్నించింది. చెక్క పాదానికి పెడల్ ఎక్కడుందో ఏం తెలుస్తుంది? అది జారి పెడల్ కిందికి పోయి ఇరుక్కుంది. కారు ఒక్క గెంతు గెంతి ఎదురింటి ప్రహరీని గుద్దింది. ఒక హెడ్‌లైటు, ఎదురింటివాళ్ల పూలకుండీలు పోయాయి. మనిషికి ఏమీ కాలేదు.

ఆవిడ భర్తది కళ్లజోళ్ల షాపు. మంచినీళ్లు కూడా ఊదుకుని తాగే మనిషి. ఆ సాయంత్రం కారు తాళం తీసి ఎక్కడో దాచేశాడు. ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఏదన్నా చెప్పాల్సొస్తే అత్తగారి ద్వారా కబురు నడిచేది. "అత్తయ్యా, మీ అబ్బాయిని ఆ కూర గిన్నె ఇటు జరపమనండి," అనేదట ఆవిడ. అబ్బాయి పక్కనే కూర్చుని ఉండేవాడు.

ఒకరోజు ఆయన ప్రెసిడెంటుకు ఫోన్ చేశాడు. కారు అమ్మేద్దామనుకుంటున్నాం, మీరే తీసుకుంటే బావుంటుంది అన్నాడు. ప్రెసిడెంటుకు ఆ నీలం కారు మీద మనసుంది. పైకి ఎన్ని వంకలు పెట్టినా అంత చక్కటి కారు మా అందరిలో ఎవరికీ లేదని అతనికి తెలుసు. తోడుగా నన్ను రమ్మన్నాడు.

వాళ్ల ముందు గదిలో ఎటు చూసినా ఫ్రేముల డబ్బాలే. గోడకు అక్షరాల చార్టు. కుర్చీలో అనౌన్సరమ్మ, మూల మంచం మీద అత్తగారు. మేం ఎందుకొచ్చామో ఆవిడకు అప్పటిదాకా తెలియదని, మేం కూర్చున్నాక గానీ నాకు అర్థం కాలేదు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, కారు మా ఇంట్లో ఉంటే మీ ఇంట్లో ఉన్నట్టే. ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకోవచ్చు."

"ఏ కారు?"

ఆవిడ భర్త వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా ఆయనతోనే మాట్లాడింది.

"అమ్మేస్తున్నారా?"

"నీ మంచికేనే," అన్నాడాయన. "నేనేం నిన్ను ఇంట్లో కూర్చోమనట్లేదు. ఆటోమేటిక్ కొందాం. క్లచ్ ఉండదు, గేరుండదు. హాయిగా నడుపుకోవచ్చు."

"హాయే కావాలంటే మంచముంది, పడుకుంటాను."

"అది కాదు..."

"వచ్చి చూసుకోవచ్చంట! చూసుకోడానికి అదేమన్నా హాస్టల్లో చేర్చిన పిల్లా?" అని ప్రెసిడెంటు మీదికి తిరిగింది. "నేను పోలేదండీ ఇంకా. పోయాక వచ్చి బేరమాడండి."

ప్రెసిడెంటు లేవబోయాడు. అప్పుడు మంచం మీది నుంచి అత్తగారు గొంతు విప్పింది.

"ఒరేయ్, తాళం ఆ పాత ఫ్రేముల డబ్బాలో పెట్టావు. తీసి ఇచ్చెయ్."

"అమ్మా, నువ్వు కూడానా? ఆ కారంటేనే నీకు పడదుగా!"

"కారంటే పడదు. అడక్కుండా ఒకళ్ల వస్తువు అమ్మడమంటే అంతకన్నా పడదు. ఇచ్చెయ్ ముందు."

ఆయన డబ్బా తీశాడు. తాళం టేబుల్ మీద పెట్టి, "ఆ రోజు గోడకు గుద్దుకున్నావు కాబట్టి సరిపోయింది. గోడకూ నీకూ మధ్య ఎవరైనా ఉంటే?" అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నాకు తెలిసి ఆ ప్రశ్న అనౌన్సరమ్మకు బాగానే తగిలింది. తాళం తీసుకుంది గానీ, ఆ రోజు నుంచీ దారి దొరికేదాకా కారెక్కలేదు.

తర్వాతి ఆదివారం సిటీ బస్సులో దిగి, చేతికర్ర పొడుచుకుంటూ గోడౌను వెనక్కి వచ్చింది. టీ బండి దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది.

"క్లచ్ చేత్తో నొక్కాలి. ఎలాగో చెప్పండి."

ఇక మొదలైంది. మా వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! ఒకరు కొత్త మోడల్ నుంచి ఆటోమేటిక్ గేరుబాక్సు పీకి పెడదామన్నారు. ఇంకొకరు కరెంటు మోటారుతో క్లచ్ లాగించే సామగ్రి ఎక్కడో దొరుకుతుందన్నారు. అది మధ్యలో ఆగిపోతే అని మరొకరు అడ్డుపడ్డారు. లేత్ మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టి, నిదానంగా అన్నాడు.

"అక్కా, మోటారు సైకిలుకు క్లచ్ చేతిలోనే కదా ఉంటుంది? అలాంటి లివరే గేరు కర్రకు బిగిద్దాం. వేళ్లతో లివరు నొక్కుతూ, అదే చేత్తో గేరు మార్చు. నొక్కితే ఆయిలు పైపులోంచి పోయి క్లచ్‌ను తోస్తుంది. మాస్టారు బొమ్మ గీసిస్తే నేను చేసిపెడతా."

ప్రెసిడెంటు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయితే ఇన్నాళ్లూ కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టుండాలని మా మీద ఒంటికాలి మీద లేచింది ఎవరో?" అన్నాడు. అన్నాక ఆ మాట ఎక్కడ తగిలిందో తెలిసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. "ఇప్పుడు కూడా ఒంటికాలి మీదే లేస్తున్నా. తేడా ఏంటంటే, ఇప్పుడు నిజంగానే. నాకు కంపెనీ ఇచ్చిన కాలే మార్చారండీ. ఇక ఇనప ముక్క మార్చడానికి ఏడుస్తానా?" అంది. ఆ వెంటనే లేత్ వైపు తిరిగి, "కానీ పెడల్ పీకకూడదు. ఒక్క రంధ్రం కూడా వేయకూడదు. రేపు నేను లేకపోయినా ఎవరైనా అన్నీ విప్పేస్తే కారు ఎప్పటిలా ఉండాలి," అని షరతు పెట్టింది.

మొదటిసారి చేసింది పని చేయలేదు. మోటారు సైకిలు నుంచి తెచ్చిన, ఆయిలును తోసే సిలిండరు చిన్నది. లివరు మొత్తం నొక్కినా క్లచ్ పూర్తిగా విడలేదు. గేరు వేస్తే ఇనుము నమిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు విని ఆవిడ కళ్లు మూసుకుంది, తన పన్ను పీకుతున్నట్టు. రెండోసారి పాత వ్యానుది పెద్ద సిలిండరు తెచ్చారు. ఇప్పుడు క్లచ్ విడింది కానీ లివరు రాయిలా ఉంది. నేను బొమ్మ మార్చి గీశాను, లేత్ లివరు పొడుగు పెంచాడు. ఇరుక్కోకుండా పెట్టుడు పాదానికీ పెడల్‌కూ మధ్య ఒక రేకు అమర్చాడు. అది కావాలంటే చేత్తో తీసేయొచ్చు. వేళ్లకు బలం రావడానికి ఆవిడ అద్దాల గదిలో కూర్చుని రెండు అనౌన్స్‌మెంట్ల మధ్య రబ్బరు బంతి పిసికేది. ఒకరోజు మైకు ఆపడం మర్చిపోయి, బంతి పిసుకుతూ తిట్టుకున్న తిట్లు బస్టాండంతా వినిపించాయట. ఎవరో తనను తిడుతున్నారనుకుని ఒక డ్రైవరు బస్సును సరిగ్గా గీత మీద పెట్టాడని చెప్పుకున్నారు.

చదును నేల మీద కారు కదిలింది. గోడౌను ఖాళీలో చుట్లు కొట్టింది. ఒకటి, రెండు, మూడు గేర్లు పడ్డాయి. ఆవిడ మొహంలో వెలుగు చూసి లేత్ చేతులు తుడుచుకునే నెపంతో అటు తిరిగాడు.

చిక్కంతా ఎత్తు మీద వచ్చింది. వాలులో ఆగిన కారు ముందుకు కదలాలంటే మామూలుగా హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, క్లచ్ వదులుతూ, యాక్సిలరేటర్ తొక్కుతాం. ఆవిడ ఎడమ చేయి లివరు మీదుంది. హ్యాండ్‌బ్రేకు కూడా ఆ వైపే. కుడి చేయి స్టీరింగు వదల్లేదు. ఇంకో చేయి ఎక్కణ్నుంచి తెస్తుంది? కుడి కాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ మీద వేసేలోపల కారు వెనక్కి జారుతోంది. ర్యాంపు మీద ఎన్నోసారో ప్రయత్నిస్తుండగా కారు ఒక్కసారిగా జారి వెనకున్న దేన్నో గుద్దింది. ప్రెసిడెంటు ఎర్ర కారు! ముందు బంపరు రెండు ముక్కలైంది.

"అందుకే చెప్పాను! ఇవన్నీ జరిగేవి కావని చెప్పాను!" అని అతను ఎగిరిపడ్డాడు.

"మనిషి కంటికి ఆనే ఎత్తులో కారు పెట్టుకుంటే చూసేదాన్నిగా!" అని ఆవిడ ఎదురు కేకేసింది. మళ్లీ కాస్త ఆగి, "తప్పు నాదే. మా ఇంట్లో కొత్త బంపరుంది, నా కారుకని దాచుకున్నది. సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి," అంది.

ఆ బంపరు ఎంత అపురూపమైందో మా అందరికీ తెలుసు. దాని కోసం ప్రెసిడెంటే రెండుసార్లు అడిగి లేదనిపించుకున్నాడు. అతను కోపంగానే ముక్కలు ఏరుకున్నాడు. ఆవిడ మళ్లీ ర్యాంపు ఎక్కింది, మళ్లీ జారింది. ముక్కలు చంకలో పెట్టుకుని చూస్తూ చూస్తూ ఉన్న మనిషి ఇక ఉండబట్టలేక గబగబా వెళ్లి కారు తలుపు తీశాడు.

"అలా కాదు మేడమ్! చూళ్లేకపోతున్నా! పాదం మొత్తం ఎత్తుతారేంటి? వేళ్లు బ్రేకు మీద ఉంచండి, మడమ యాక్సిలరేటర్ మీదికి తిప్పండి. రేసుల్లో మలుపు దగ్గర చేసేది ఇదే. ఒక కాలితోనే రెండు పెడల్స్."

"ఇదా మీరు ఊరంతా డప్పు కొట్టుకునే విద్య?"

"ఇదే. నేర్చుకుంటారా, తలుపేసుకుని పొమ్మంటారా?"

"నేర్పండి."

అలా మా ప్రెసిడెంటు, ఆ కారు కొందామని పోయిన మనిషి, కొన్ని ఆదివారాలు ర్యాంపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ పాదం వైపే చూస్తూ, "వేళ్లు కదపకండి, ఆఁ, ఇప్పుడు మడమ దించండి, నెమ్మదిగా, లివరు వదలండి," అని గొంతు పోయేలా అరిచాడు. అతని చొక్కా నిండా దుమ్ము. కారు జారడం మొదట మూరెడయింది, తర్వాత బెత్తెడయింది, ఆనక ఆగిపోయింది.

ఇంత చేశాక మిగిలింది రవాణా ఆఫీసు. బండిలో ఇలాంటి మార్పు చేస్తే వాళ్లు చూసి ఒప్పుకోవాలి, లైసెన్సు మీద రాయాలి. అది లేకుండా రోడ్డెక్కనని ఆవిడే పట్టుబట్టింది. భర్త అడిగిన ప్రశ్న ఆవిడ మర్చిపోలేదు.

లేత్, నేనూ తోడు వెళ్లాం. కారును లేత్ నడిపి తెచ్చాడు. హాలంతా జనం, ఫ్యాన్ల చప్పుడు. కౌంటరు వెనక గుమాస్తా తల ఎత్తకుండానే, "ఇలాంటివి ఒప్పుకోరమ్మా," అన్నాడు.

"ఎలాంటివి? బండి బయటే ఉంది, చూశారా?"

"చూడక్కర్లేదు. ఆటోమేటిక్ కొనుక్కోండి. పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు."

"ఒక్కసారి చూసి చెప్పండి."

"చెప్పాను కదమ్మా. జరగండి."

ఆవిడ జరిగింది. జరిగి, చేతికర్ర ఆనించుకుని, హాలు వైపు తిరిగి నిలబడింది. గొంతు పెంచలేదు. ఆ గొంతుకు పెంచాల్సిన పని లేదు.

"దయచేసి వినండి. కౌంటరు ముందు వేచి ఉన్న ఒక మహిళ బండిని చూడకుండానే పనికిరాదని ఈ కార్యాలయం నిర్ణయించింది. మీ బండ్లను కూడా ఇలాగే చూడకుండా పరీక్షించే అవకాశం ఉంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

హాల్లో ఎవరో, "ఈవిడ బస్టాండావిడరా!" అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. ఒకాయన అలవాటు కొద్దీ సంచీ సర్దుకుని లేచి నిలబడ్డాడు కూడా. గుమాస్తా మొహం కందగడ్డయింది. గోల విని లోపలి గదిలోంచి పై అధికారి బయటికొచ్చాడు. బట్టతల, ఓపికగల మొహం. సంగతి విని, "పదండి, చూద్దాం," అన్నాడు.

లివరు చూశాడు. పైపు చూశాడు, ఆయిలు కారుతుందేమోనని వేలితో తడిమాడు. ఆవిడ పక్కన కూర్చుని ఆవరణలో రెండు చుట్లు తిప్పించాడు. అంతా బాగానే జరిగింది. అప్పుడు ఆఫీసు వెనక ఉన్న ఎత్తు చూపించి, "మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా కదలండి," అన్నాడు.

మేం కింద నిలబడి చూస్తున్నాం. కారు ఆగింది. ఇంజిను గొంతు పెరిగింది, కారు వణికింది, టక్కున ఆగిపోయింది. లేత్ నా చేయి పట్టుకున్నాడు. కిటికీలోంచి ఆవిడ మెడ కనిపిస్తోంది, చెమటతో తడిసి. ఆవిడ వెంటనే స్టార్ట్ చేయలేదు. ఎడమ చేతి వేళ్లు విప్పి, ముడిచి, మళ్లీ విప్పింది. తర్వాత తాళం తిప్పింది. ఈసారి కారు గుబుక్కున కదల్లేదు. మెల్లగా, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు, ఎత్తు మీదికి పాకింది.

దిగాక ఆ అధికారి ఒక మాట అడిగాడు. అందులో వెటకారం లేదు. "ఇంత కష్టం ఎందుకమ్మా? ఆటోమేటిక్ కొనుక్కోవచ్చు కదా?"

"కొనుక్కోవచ్చు," అంది ఆవిడ. "కొనుక్కోను."

ఆయన తల ఊపి, సంతకం పెట్టాడు.

ఆ నెలాఖర్లో మా గుంపంతా కొండ రోడ్డుకు పోదామనుకున్నాం. ప్రెసిడెంటు వరస చెప్పాడు. "మేడమ్ చివర ఉంటారు. వెనక నేను కాపలా వస్తా."

"చివరెందుకు?"

"జాగ్రత్త కోసం."

"జాగ్రత్త కోసమైతే మీరే చివర రండి. గతుకు గతుక్కీ మీ కారు పొట్ట గీసుకుంటుంది. నేను ఎన్నోదాన్నిగా వస్తే అదే నా నంబరు. ఇంకోటి, పైకి చేరాక ఎవరైనా చప్పట్లు కొట్టారో, మీ కార్ల గురించి నేననుకునేదంతా మైకులో చెప్తా."

అందరికన్నా ముందే వచ్చి, అందరికన్నా ముందు బయల్దేరింది. పక్క సీట్లో అత్తగారు. ఆ ముసలావిడ ఎందుకొచ్చిందని అడిగితే, "వాడు రానన్నాడు. ఇంట్లోంచి ఒకళ్లన్నా రావద్దూ?" అంది. భర్త రాలేదు. ఆ తర్వాత కూడా ఆయన ఎన్నడూ ఆ కారెక్కలేదు. ప్రతిసారీ గేటు దాకా వచ్చి, రెండు వైపులా చూసి, రోడ్డు ఖాళీగా ఉందని చెయ్యి ఊపేవాడు. కారు చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయాక గానీ లోపలికి వెళ్లేవాడు కాదు. ఇద్దరి మధ్యా మాటలైతే మళ్లీ మొదలయ్యాయి. పేచీలు కూడా.

నా కారు ఆవిడ వెనకే. మొదటి మలుపుల్లో ఆవిడ నెమ్మదిగా పోయింది. నాలుగు మలుపులు తిరిగేసరికి చెయ్యి కుదిరింది. గేరు దించే ముందు ఇంజిను ఒక్కసారి గుర్రుమనడం నాకు వినిపించేది. వేళ్లు బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ మీద. కారు మలుపులోకి దిగి, వంగి, నేలను పట్టుకుని పైకి లాక్కునేది. పైన చప్పట్లు కొట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. అత్తగారు మాత్రం దిగుతూ, "ఇంత దూరం తెచ్చి చూపించేది ఇదేనా? ఇంటి దగ్గర కూడా కొండలు కనిపిస్తాయిగా," అంది. ఆ మాటంటున్న ముసలావిడ మొహం మాత్రం వెలిగిపోతోంది.

కొండ దిగేటప్పుడు కష్టమైంది. సగం దూరంలో బస్సులు ఎదురుపడి రోడ్డు ఇరుక్కుపోయింది. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. లివరు నొక్కీ నొక్కీ ఆవిడ చెయ్యి పట్టేసింది. రోడ్డు పక్కన వెడల్పుగా ఉన్నచోట కారు ఆపి దిగింది. వేళ్లు కొంకరపోయి విచ్చుకోవట్లేదు. ఆవిడ అటు వైపు తలుపు దగ్గరికి వస్తే, అత్తగారు సీట్లోంచే ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ లాగుతోంది.

మా కార్లన్నీ వెనక వరసగా ఆగాయి.

"మీరంతా ఎందుకాగారు? పొండి, వెనకొస్తాను," అని కసిరింది.

ఎవరూ పోలేదు. ఒకరు ఇంజిను చల్లారాలన్నారు, ఇంకొకరు అద్దం తుడుచుకోవాలన్నారు. ప్రెసిడెంటు దగ్గరికి వచ్చి, సందేహిస్తూ, "మేడమ్, ఇక్కణ్నుంచి నేను నడపనా? కింద చదును రాగానే మళ్లీ మీకే ఇస్తా," అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో అలసట ఉంది, ఒప్పుకుందామన్న ఆలోచన కూడా ఒక్క క్షణం మెదిలిందని నాకనిపించింది. తర్వాత ఆవిడ కళ్లు అతని వెనక్కి, ఎర్ర కారు వైపు వెళ్లాయి.

"ముందు మీ కుడి టైరులో గాలి చూసుకోండి. మెత్తబడింది."

టైర్ల షాపు ఓనరు గిరుక్కున వెనక్కి తిరిగాడు. నిజంగానే మెత్తబడింది. మా నవ్వులు కొండంతా వినిపించి ఉంటాయి. అతను తిట్టుకుంటూ పంపు కోసం డిక్కీ తెరుస్తున్నాడు. ఆవిడ అత్తగారి ఒళ్లోంచి చెయ్యి తీసుకుని, ఒకసారి పిడికిలి బిగించి చూసుకుని, డ్రైవరు సీట్లోకి ఎక్కి తలుపేసుకుంది.